ముగ్గురు మెకానిక్‌లు, మూడు శబ్దాలు

ప్రశ్న: మాది చిత్తూరు దగ్గర పల్లె. ఉద్యోగరీత్యా చాలా ఏళ్లుగా బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటున్నాం. 2012 మోడల్ 1.3 లీటర్ల డీజిల్ కారు మూడేళ్ల కిందట సెకండ్ హ్యాండులో కొన్నాను. ఇప్పటికి 1,38,000 కిలోమీటర్లు తిరిగింది. కొన్ని నెలలుగా ఇంజన్ శబ్దం ఒక తీరుగా ఉండడం లేదు. పొద్దున స్టార్ట్ చేయగానే రెండు మూడు సెకన్లు గలగలమంటుంది. తర్వాత టకటకమంటూ ఆఫీసు దారిలో కొంత దూరం పోయేదాకా వస్తుంది. వేడెక్కాక తగ్గుతుంది గానీ 1500-2000 ఆర్‌పీఎం మధ్య యాక్సిలరేటర్ నొక్కితే మళ్లీ గట్టిగా కొడుతుంది, ఆపైన మెత్తబడుతుంది. టిన్ ఫ్యాక్టరీ సిగ్నల్ దగ్గర ఏసీ వేసుకుని నిలబడితే శబ్దం పెరుగుతుంది, తగ్గుతుంది, మళ్లీ పెరుగుతుంది. ఊరికి వెళ్లివస్తే మాత్రం రెండు మూడు రోజులు బండి హాయిగా ఉంటుంది. ముగ్గురు మెకానిక్‌లకు చూపించాను. ఒకరు డీజిల్‌ను చిమ్మే నాలుగు ఇంజెక్టర్లూ పోయాయి, 60 వేలవుతుంది అన్నారు (కిందటేడు ఒకటి మార్పించాను). ఇంకొకరు టైమింగ్ చైన్ అన్నారు. మూడో ఆయన ముందు ఇంజన్‌ను మోసే రబ్బరు మౌంటింగులు మార్చి చూద్దాం, తగ్గకపోతే ఇంజన్ విప్పుదాం అన్నారు. మా బావమరిది కొత్త కాలుష్య ప్రమాణాల బీఎస్-6 డీజిల్ పోస్తే పాత ఇంజన్లు ఇలాగే అవుతాయి, అమ్మేయమంటాడు. ఎవరి మాట వినాలి?

— ఒక పాఠకుడు, బెంగళూరు

సమాధానం: మీ బావమరిది సంగతి తర్వాత చూద్దాం. మెకానిక్‌లు ముగ్గురూ అబద్ధం చెప్పి ఉండరు. మీ ఉత్తరాన్ని రెండోసారి చదివితే అందులో నాకు మూడు వేర్వేరు శబ్దాలు కనిపించాయి. స్టార్ట్ చేసిన మొదటి రెండు మూడు సెకన్ల గలగల ఒకటి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడూ, 1500-2000 మధ్య బరువు పడినప్పుడూ వచ్చే టకటక రెండోది. సిగ్నల్ దగ్గర ఏసీతోపాటు వచ్చిపోయేది మూడోది. చైన్ అన్న ఆయన బహుశా రాత్రి మీరు షెడ్డులో వదిలిన బండిని తెల్లవారి స్టార్ట్ చేసి ఉంటాడు. ఇంజెక్టర్లన్న ఆయన తానే నడుపుతూ ఒక చుట్టు తిప్పి ఉంటాడు. మౌంటింగులన్న ఆయన బానెట్ ఎత్తి, ఏసీ వేయించి, పక్కన నిలబడి విని ఉంటాడు. ఎవరికి వినిపించిన దానికి వారు పేరు పెట్టారు. మూడు పనులూ వరసగా చేయిస్తే శబ్దం పోయే మాట నిజమే. లక్ష రూపాయలు కూడా పోతాయి, వాటిలో ఏ పని అవసరమో ఏది దండగో మీకు ఎప్పటికీ తెలియదు.

ఎప్పుడూ ఒకేలా మోగే శబ్దం కన్నా మారే శబ్దాన్ని పట్టుకోవడం తేలిక. అది వేడితో మారుతోందా, ఆర్‌పీఎంతోనా, బరువుతోనా, ఏసీతోనా, క్లచ్‌తోనా అన్నది తేలితే సగం పని అయినట్టే. శబ్దం ఎప్పుడు వస్తోందని అందరూ అడుగుతారు. ఎప్పుడు రావడం లేదన్నది ఎవరూ అడగరు, నిజానికి దారి చూపేది అదే. ఊరికి వెళ్లివచ్చాక బండి హాయిగా ఉంటుందని మీరు మామూలుగా రాసేసిన వాక్యం ఆ ముగ్గురు మెకానిక్‌ల మాటల కన్నా నాకు ఎక్కువ పనికొచ్చింది.

చవకైన దానితో మొదలుపెడదాం. సిగ్నల్ దగ్గర కారు నిలబడి ఉండగా ఏసీ కంప్రెసర్ తనంతట తాను పట్టుకుంటూ వదులుతూ ఉంటుంది. పట్టుకున్న క్షణాన బానెట్ కింద టక్కుమని చిన్న చప్పుడు వస్తుంది. ఇంజన్ మీద బరువు పడుతుంది, ఐడిలింగ్ పడిపోకుండా ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) డీజిల్ మోతాదు పెంచుతుంది, డీజిల్ పెరిగితే శబ్దమూ పెరుగుతుంది. దానికి తోడు రేడియేటర్ ఫ్యాన్ తిరుగుతుంది. కొత్త డీజిల్ కారులోనూ ఇదే జరుగుతుంది, అక్కడ అది మీ సీటు దాకా రాదు, అంతే. మీ కారులో వస్తోందంటే మధ్యలో ఆపవలసిన రబ్బరు ఆపడం లేదన్న మాట. పదేళ్లు దాటిన బండి, పైగా బెంగళూరు గుంతలు, స్పీడ్ బ్రేకర్లు. మౌంటింగులు చితికిపోవడంలో వింతేమీ లేదు. చూడడం ఎలాగంటే, బానెట్ ఎత్తి, హ్యాండ్ బ్రేక్ వేసి, కాలి బ్రేకు గట్టిగా నొక్కిపెట్టి, ఫస్ట్ గేరులో క్లచ్‌ను కొంచెం, ఇంజన్ పట్టుకోబోతోంది అనిపించేంత వరకే వదలాలి. తర్వాత రివర్స్ గేరులో అలాగే. ఒకరు బండి ముందు కాకుండా పక్కన నిలబడి చూడాలి. ఇంజన్ కొద్దిగా ఒరగడం మామూలే. ఎగిరి పడినట్టు కదిలితే మౌంటింగు పోయినట్టు. సైలెన్సర్ మీద ఉండే పల్చటి రేకు కవచం ఒక బోల్టు ఊడి మోగడం కూడా చాలా మామూలు. దానికి క్లిప్పు బిగిస్తే సరిపోతుంది, ఇంజన్ విప్పక్కర్లేదు.

ఇంకొక పని చేయండి. ఏసీ ఆపేసి హెడ్‌లైట్లు, లోపలి బ్లోయర్, వెనక అద్దం హీటరు ఉంటే అదీ వేయండి. అప్పుడు బండికి కరెంటు తయారుచేసే ఆల్టర్నేటర్ మీద బరువు పడుతుంది. ఏసీ లేకపోయినా ఆ శబ్దం పెరిగితే కంప్రెసర్ నిర్దోషి, ఆల్టర్నేటర్‌ను తిప్పే బెల్టు వైపో మౌంటింగు వైపో చూడాలి. కీచుమనే శబ్దమైతే తిరుగుతున్న బెల్టు మీద దూరం నుంచి కాసిని నీళ్లు చిలకరించండి. కొన్ని క్షణాలు ఆగి మళ్లీ మొదలైతే బెల్టే. ఇది ఇంతటితో వదిలేద్దాం, మీ 60 వేల రూపాయలు ఇక్కడ లేవు.

ఆ డబ్బంతా టకటకలో ఉంది.

మీరు కారు పేరు రాయలేదు గానీ 2012 నాటి 1.3 లీటర్ల డీజిల్ అంటే మన దేశంలో దాదాపుగా ఫియట్ రూపొందించిన 1248 సీసీ మల్టీజెట్ ఇంజనే. మారుతిలో డీడీఐఎస్ అనీ, టాటాలో క్వాడ్రాజెట్ అనీ పేర్లు మార్చుకుని తిరిగింది. కామన్ రైల్ డీజిల్, అంటే అన్ని ఇంజెక్టర్లకూ ఒకే గొట్టం నుంచి గట్టి ఒత్తిడితో డీజిల్ అందే పద్ధతి, 1997లో ఆల్ఫా రోమియో 156తో మామూలు కార్లలోకి వచ్చింది. 2003లో వచ్చిన ఈ మల్టీజెట్ ప్రత్యేకత, ఒకే మంటకు కావలసిన డీజిల్‌ను ఒక్కసారిగా కాక విడతలుగా కొట్టడం. అలా ఎందుకో తెలిస్తే మీ శబ్దం సగం అర్థమవుతుంది.

డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని గట్టిగా నొక్కి వేడెక్కిస్తే, అందులోకి చిమ్మిన డీజిల్ తనంతట అంటుకుంటుంది. చిమ్మడానికీ అంటుకోవడానికీ మధ్య లిప్తపాటు ఆలస్యం ఉంటుంది. ఆ ఆలస్యంలో డీజిల్ లోపల పోగుపడుతూనే ఉంటుంది. గ్యాసు పొయ్యి నాబ్ తిప్పాక లైటర్ రెండు మూడు సార్లకు గానీ అంటుకోకపోతే భగ్గుమంటుంది చూడండి, ఇక్కడా అదే. ఆలస్యం ఎంత ఎక్కువైతే చప్పుడు అంత గట్టిగా ఉంటుంది. ఇంజన్ చల్లగా ఉంటే ఆలస్యం ఎక్కువ. బెంగళూరులో డిసెంబరు, జనవరి తెల్లవారుజాములు 15 డిగ్రీల దాకా దిగుతాయి. పైగా ఊరు సముద్ర మట్టానికి 900 మీటర్లకు పైన ఉంది, అక్కడ గాలి ఒత్తిడి పదో వంతు తక్కువ. ఇదే కారును చెన్నైలో నడిపేవారికి పొద్దుటి టకటక ఇంతగా వినిపించదు. ఆలస్యాన్ని తగ్గించడానికే ఈసీయూ అసలు మోతాదుకు ముందు ఒక చిటికెడు డీజిల్‌ను కొట్టి చిన్న మంట పెట్టి ఉంచుతుంది. ఆ ముందు చినుకు సరిగ్గా పడినంత కాలం డీజిల్ కారు పెట్రోల్ కారుకు దగ్గరగా మెత్తగా నడుస్తుంది. అది పడకపోతే మీరు వింటున్నదే వినిపిస్తుంది.

కాబట్టి పొద్దున చల్లగా ఉన్నప్పుడు కొంత టకటక సహజం. చల్లటి సిలిండర్లను వేడెక్కించే గ్లో ప్లగ్గులు పనిచేయకపోతే అది పెరుగుతుంది. స్టార్ట్ చేయగానే తెల్లటి పొగ, ఘాటైన వాసన, కాసేపు వణుకు ఉంటే వాటిని మీటరు పెట్టి చూడమనండి. ఐదు నిమిషాల పని.

1500-2000 మధ్య వచ్చేదానిలోనూ కొంత పాపం మనదే. ఆ దగ్గర, ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపే టర్బో ఇంకా పూర్తిగా అందుకోదు, మనం మాత్రం గేరు మార్చడానికి బద్ధకించి మూడో గేరులోనే 20 కిలోమీటర్ల వేగం నుంచి కాలితో తొక్కుతాం. గాలి తక్కువ, డీజిల్ ఎక్కువ. టర్బో అందుకోగానే లోపలికి వచ్చే గాలి చిక్కబడి, ఆలస్యం తగ్గి, చప్పుడు మెత్తబడుతుంది. మీరు రాసింది సరిగ్గా అదే. వారం రోజులు ఒక గేరు కిందికి వేసి నడిపి చూడండి. దానితోనే సగం తగ్గితే మీ ఇంజన్ మీకు ఏదో చెప్పాలని చూసిందన్న మాట. తగ్గకపోతే టర్బో నుంచి గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కూ, అక్కడి నుంచి ఇంజన్‌కూ వెళ్లే రబ్బరు గొట్టాలను చేత్తో తడిమి చూడమనండి. అతుకు దగ్గర నూనె చెమ్మ పట్టి, దాని మీద దుమ్ము పేరుకుని ఉంటే అక్కడ గాలి కారుతోంది. పికప్ తగ్గి, నల్ల పొగ, ఈల కూడా ఉంటే ఇక అనుమానమే అక్కర్లేదు.

ఊరికి వెళ్లివస్తే రెండు మూడు రోజులు హాయి అన్నారు. కె.ఆర్.పురం నుంచి వైట్‌ఫీల్డ్ దాకా ఈ ట్రాఫిక్‌లో మీ ఇంజన్ రోజూ చేసే పని నిలబడి మసి పోగుచేసుకోవడం. సైలెన్సర్‌లోకి పోయే పొగలో కొంత భాగాన్ని మళ్లీ ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వ్ ఆ మసితో జిగటపడుతుంది. ఒకసారి తెరుచుకుంటుంది, ఒకసారి సగంలో ఆగుతుంది. అది ఎంత తెరుచుకుందన్న దాన్ని బట్టి సిలిండర్‌లో మంట తీరు మారుతుంది, శబ్దమూ మారుతుంది. హైవే మీద గంటల తరబడి వేడిగా నడిస్తే వాల్వ్ కాస్త స్వేచ్ఛగా కదులుతుంది, ఇంజెక్టర్ నాజిల్ కొనల మీది మసి కూడా కొంత కాలుతుంది. నగరంలోకి వచ్చాక మళ్లీ మామూలే. నిజంగా చచ్చిపోయిన ఇంజెక్టర్ చిత్తూరు వెళ్లివస్తే బాగుపడదు. అందుకే నాలుగూ పోయాయన్న మాటను నేను నమ్మను. ముందు ఈజీఆర్ వాల్వ్ విప్పి శుభ్రం చేయించండి, ఇన్‌టేక్ గొట్టంలో మసి ఎంత మందాన పట్టిందో ఆ రోజే చూసుకోవచ్చు.

ఇక్కడ ఖర్చు లేని పరీక్ష ఒకటి ఉంది. మీరు ఊరికి వెళ్లేటప్పుడు పలమనేరు దాటాక చిత్తూరు వైపు మొగిలి ఘాట్ దిగుతారు. ఏసీ, పాటలు ఆపి, కిటికీలు దించి, పక్కన చెవి చురుకైన వారిని కూర్చోబెట్టుకోండి. మూడో గేరులో, ఆర్‌పీఎం రెండు వేలకు కాస్త అటూ ఇటూ ఉండగా, క్లచ్ తొక్కకుండా యాక్సిలరేటర్ మీద నుంచి కాలు పూర్తిగా తీసేయండి. వాలులో బండి తన బరువుతో ఇంజన్‌ను తిప్పుతుంది. అప్పుడు ఈసీయూ డీజిల్‌ను పూర్తిగా ఆపేస్తుంది. పిస్టన్లు, చైన్, వాల్వులు, బేరింగులు అన్నీ తిరుగుతూనే ఉంటాయి, మంట మాత్రం ఉండదు. ఆ కొన్ని సెకన్లలో టకటక మాయమైతే అది మంట శబ్దం: ఇంజెక్టర్, ఈజీఆర్, గాలి, వీటిలోనే వెతకాలి. మంట లేకపోయినా కొడుతూనే ఉంటే అది ఇనుము శబ్దం: చైన్, ట్యాపెట్లు, బేరింగులు. మెకానిక్ షెడ్డులో నిలబెట్టి ఎంత రేస్ చేసినా ఈ తేడా ఇంత స్పష్టంగా తేలదు. ఒక హెచ్చరిక. కాలు తీయడం వరకే, తాళం జోలికి వెళ్లకండి. వాలులో ఇంజన్ ఆపితే బ్రేకుకూ స్టీరింగుకూ ఉండే సాయం పోతుంది.

టకటక మంటదేనని తేలిందనుకుందాం. నాలుగు సిలిండర్లూ కొడుతున్నాయా, ఒకటేనా? దీనికి చెవి చాలు. ఐడిలింగ్ నిమిషానికి 850 చుట్లు అనుకుంటే నాలుగు సిలిండర్లలో కలిపి సెకనుకు 28 మంటలు పడతాయి, విడివిడిగా వినిపించవు, ఒక గరగరలా ఉంటాయి. ఒక్క సిలిండరే కొడుతుంటే సెకనుకు ఏడు దెబ్బలు. టక్ టక్ టక్ అని వేరుగా, దాదాపు లెక్కపెట్టగలిగేలా వినిపిస్తుంది. అలా ఉంటే నాలుగింటికీ డబ్బు ఇవ్వడం దేనికి?

మీరు బ్రాకెట్‌లో పెట్టిన విషయం ఇప్పుడు బయటికి తీద్దాం. కిందటేడు ఒక ఇంజెక్టర్ మార్పించారు. ఏ రెండు ఇంజెక్టర్లూ అచ్చంగా ఒకే మోతాదు కొట్టవు కాబట్టి ఆ తేడాను తయారీదారు కొలిచి ఇంజెక్టర్ తల మీద ఒక కోడ్ రూపంలో ముద్రిస్తాడు. కొత్తది బిగించినప్పుడు ఈసీయూకు తగిలించే స్కానర్‌తో ఆ కోడ్‌ను ఈసీయూలోకి ఎక్కించాలి. ఎక్కించకపోతే పాత ఇంజెక్టర్ లెక్క ప్రకారమే కొత్తదానికి ఆజ్ఞలు వెళ్తాయి. అసలు మోతాదులో ఆ తేడా పెద్దగా తెలియదు. చిటికెడు ముందు చినుకులో బాగా తెలుస్తుంది. బండి నడుస్తుంది, మైలేజీ కూడా పెద్దగా పడదు, ఒక సిలిండర్ మాత్రం కొడుతూ ఉంటుంది. శివాజీనగర్ గుజిరీలోనో చెన్నై పుదుప్పేటలోనో దొరికిన పాత ఇంజెక్టర్ వేసి ఉంటే ఇది ఇంకా జరిగే పని. బిల్లు తీసి చూడండి, వేసినాయనను అడగండి. ఇంజెక్టర్ల విషయంలో నేను మొదట చూసేది ఈ కోడ్‌నే, ఎందుకంటే ఇది సరిచేయడానికి స్కానర్ పట్టుకుని పది నిమిషాలు కూర్చుంటే చాలు.

తర్వాత స్కానర్‌లోనే ఒక్కో సిలిండర్‌కు ఈసీయూ ఎంత దిద్దుబాటు ఇస్తోందో చూడమనండి. మూడింటిలో అంకెలు సున్నాకు దగ్గరగా ఉండి ఒకటి మాత్రం దూరంగా ఉంటే దొంగ దొరికినట్టే. ఒక్కో ఇంజెక్టర్‌ను స్కానర్ నుంచే ఆపి చూసే సౌకర్యం కూడా ఉంటుంది. దేన్ని ఆపితే టక్ టక్ ఆగుతుందో అదే. పాత అంబాసిడర్, జీపు డీజిళ్లలో మెకానిక్‌లు పైపు నట్టును పానాతో వదులు చేసి ఇదే పని చేసేవారు. ఆ అలవాటు ఉన్నవారు మీ ఇంజన్ మీద పానా పెట్టబోతే చేయి పట్టుకుని ఆపండి. మీ పైపుల్లో ఐడిలింగ్‌లోనే 200 బార్‌లకు పైగా, గట్టిగా తొక్కితే 1,400 బార్‌ల దాకా ఒత్తిడి ఉంటుంది. కారు టైరులో ఉండేది రెండు బార్‌లకు కాస్త ఎక్కువ. ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. సూది గుచ్చినంత గాయమే కనిపిస్తుంది గానీ వేలు తీసేయవలసి రావచ్చు.

చివరిది లీకాఫ్ పరీక్ష. ప్రతి ఇంజెక్టర్ తల నుంచి కొంత డీజిల్ వాడకుండా ట్యాంకుకు తిరిగి వెళ్తుంది. ఆ చిన్న గొట్టాలు పీకి, వాటి చోట నాలుగు పారదర్శకమైన గొట్టాలు పెట్టి, నాలుగు గీతల సీసాల్లోకి వదిలి ఇంజన్‌ను కొన్ని నిమిషాలు ఐడిలింగ్‌లో ఉంచుతారు. మీరు పక్కనే నిలబడి చూడండి. మూడు సీసాల్లో డీజిల్ అడుగున ఇంచుమించు ఒకే మట్టంలో ఉండి నాలుగోది సగం దాకా ఎక్కితే ఆ ఇంజెక్టర్ లోపల అరిగింది. నాలుగూ సమానంగా, కొద్దిగా ఉంటే 60 వేలు మీ జేబులోనే ఉంచుకోండి. ఈ సీసాలు చూపించకుండా నాలుగూ పోయాయని చెప్పేవారికి బండి ఇవ్వకండి. అదే సమయంలో ఇంజెక్టర్ మొదళ్ల దగ్గర తారులాంటి నల్లటి ముద్ద పేరుకుందేమో టార్చి వేసి చూడండి. ఉంటే కింద ఉన్న రాగి వాషర్ కారుతోంది. చుస్ చుస్ మని వినిపించే ఆ శబ్దాన్ని చాలామంది ఇంజెక్టర్ చప్పుడే అనుకుంటారు.

ఇక పొద్దుటి గలగల. పిస్టన్లతో పాటు వాల్వులు వేళకు కదిలేలా చూడడానికి ఈ ఇంజన్‌లో ఉండేది టైమింగ్ బెల్టు కాదు, టైమింగ్ చైన్. దాన్ని బిగువుగా పట్టుకునే టెన్షనర్ ఆయిల్ ఒత్తిడితో పనిచేస్తుంది. రాత్రంతా నిలబడ్డాక ఆయిల్ కిందికి జారిపోతుంది, స్టార్ట్ చేశాక మళ్లీ పైకి ఎక్కేదాకా చైన్ వదులుగా ఊగి గోడకు తగులుతుంది. ఒకటి రెండు సెకన్లయితే ఈ వయసుకు క్షమించవచ్చు. అది రోజురోజుకూ పెరుగుతున్నా, వేడెక్కాక కూడా డీజిల్ ఆగిన క్షణాల్లో ఘాట్ మీద వినిపించినా క్షమించకూడదు. చైన్ ఒక పన్ను జారితే పిస్టన్లు వాల్వులకు తగులుతాయి, వాల్వులను నొక్కే రాకర్లు విరుగుతాయి, బండి అక్కడికక్కడే నిలిచిపోతుంది.

దానికి ముందు ఆయిల్ చూడండి. మట్టం తక్కువగా ఉందా, ఎప్పుడు మార్చారు, ఏ గ్రేడ్ పోశారు? ఈ ఇంజన్‌కు 5డబ్ల్యూ-30 లాంటి పల్చటి ఆయిల్ కావాలి. శబ్దం తగ్గుతుందని 20డబ్ల్యూ-50 పోసే అలవాటు కొన్ని షెడ్లలో ఉంది. బండి అమ్మేవారికి ఆ చిట్కా బాగా పనికొస్తుంది, కొన్నవారికి పొద్దున్నే చైన్ గలగల మిగులుతుంది, ఎందుకంటే చిక్కటి ఆయిల్ టెన్షనర్ దాకా ఎక్కడానికి ఇంకా ఎక్కువ సమయం తీసుకుంటుంది. మీది సెకండ్ హ్యాండు కాబట్టి ఈ మాట చెప్పడం. డిప్‌స్టిక్ తీసి వాసన కూడా చూడండి. మట్టం పై గీత దాటి, డీజిల్ వాసన కొడుతుంటే ఆయిల్‌లో డీజిల్ కలుస్తోంది. అప్పుడు శబ్దం గొడవ పక్కన పెట్టి వెంటనే షెడ్డుకు తీసుకెళ్లాలి.

సరైన ఆయిల్, కొత్త ఫిల్టర్ వేయించాక కూడా గలగల మిగిలితే, పాత యజమాని చైన్ మార్చిన బిల్లు లేకపోతే, ఇంజెక్టర్లకు దాచిన డబ్బులో కొంత ఇక్కడ పెట్టమంటాను. చైన్ ఒక్కటే కాదు, టెన్షనర్, గైడ్లు, పళ్ల చక్రాలు ఉన్న మొత్తం కిట్ వేయించండి. ఇది తేలేదాకా ఎమిషన్ టెస్టుకు వెళ్లకండి. డీజిల్ పరీక్షలో బండిని నిలబెట్టి యాక్సిలరేటర్‌ను చివరిదాకా పదే పదే తొక్కుతారు. వదులైన చైన్‌కు అంతకన్నా పెద్ద శిక్ష లేదు. తర్వాత వెళ్లినప్పుడు ఆ చీటీ జాగ్రత్త చేయండి. బీఎస్-4 డీజిల్‌కు పొగ సాంద్రత పరిమితి 1.62, బెంగళూరులో 2010 నుంచి అమ్మిన కార్లు బీఎస్-4. మీ అంకె ఏటేటా ఎలా మారుతోందో చూస్తే మంట బాగోగులు తెలుస్తాయి.

మీరు రాయలేదు గానీ ఒకసారి న్యూట్రల్‌లో క్లచ్ తొక్కి వదిలి చూడండి. తొక్కినప్పుడు శబ్దం ఆగిపోతే అది గేర్‌బాక్స్ బేరింగుదో ఫ్లైవీల్‌దో, తొక్కినప్పుడే మొదలైతే రిలీజ్ బేరింగు. వీటికి ఇంజన్‌తో సంబంధం లేదు. ఇక అసలు భయపడవలసిన శబ్దం వేరే ఉంది. చల్లగా ఉన్నప్పుడు తక్కువగా ఉండి, వేడెక్కి ఆయిల్ పల్చబడేకొద్దీ పెరిగే, ఎత్తు ఎక్కేటప్పుడు కింద నుంచి గుడ్ గుడ్ మని వచ్చే బరువైన దెబ్బ. అది కనెక్టింగ్ రాడ్ బేరింగు. మీరు రాసినది దానికి సరిగ్గా తలకిందులు, కాబట్టి ఇంజన్ విప్పాలన్న మాట ఇప్పటికి పక్కన పెట్టండి. ఎప్పుడైనా అది వినిపిస్తే, లేదా ఆయిల్ లైటు వెలిగితే, బండిని నడపకుండా లాక్కెళ్లాలి.

బావమరిది గారి సిద్ధాంతం చాలామంది నోట విన్నాను. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతటా బీఎస్-6 డీజిల్ వచ్చిన మాట నిజం. గంధకం పది లక్షల పాళ్లలో 50 నుంచి 10కి తగ్గింది. గంధకంతోపాటు పోయే జిడ్డుదనాన్ని శుద్ధి కర్మాగారంలోనే మందు కలిపి సరిచేస్తారు. చప్పుడును నిర్ణయించేది డీజిల్ ఎంత త్వరగా అంటుకుంటుందో చెప్పే సీటేన్ సంఖ్య, అది బీఎస్-4లోనూ కనీసం 51, బీఎస్-6లోనూ కనీసం 51. పైగా ఆ డీజిల్ వచ్చి ఇన్నేళ్లయింది, మీ శబ్దం వయసు నెలలే. అయితే మీరు ఎప్పుడూ ఒకే బంకులో పోయిస్తుంటే, ఊరి దారిలో వేరే చోట పోయిస్తుంటే, ఆ రెండు మూడు రోజుల హాయికి అది కూడా కారణం కావచ్చు. ఒక ట్యాంకు వేరే బంకులో నింపి చూడడానికి ఖర్చేమీ లేదు. డీజిల్ ఫిల్టర్ కూడా మార్చి, పాతదానిలో నీళ్లు చేరాయేమో అదే చేత్తో చూసుకోండి.

అమ్మడం గురించి. పదేళ్లు దాటిన డీజిల్ కార్లపై నిషేధం గొడవంతా ఢిల్లీ పరిసరాలది. మీ కారుకు 2027లో పదిహేనేళ్లు నిండుతాయి, అప్పుడు ఫిట్‌నెస్ చూపించి, గ్రీన్ ట్యాక్స్ కట్టి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. ఆ తర్వాత కూడా ఈ కారుతోనే ఊరికి తిరగాలన్న ఆలోచన ఉంటే చైన్ కిట్ ఖర్చు దండగ కాదు. ఆ లోపే అమ్మే ఉద్దేశం ఉంటే మౌంటింగులు, ఈజీఆర్ శుభ్రం, సరైన ఆయిల్, ఇంజెక్టర్ కోడ్, ఇంతవరకే చేయించి ఆగండి. శబ్దం ఉన్నదున్నట్టు చెప్పి అమ్మండి, కొనేవారికీ చెవులుంటాయి.

ఏదో ఒక ఇంజెక్టర్ విప్పక తప్పకపోతే, ఆ రోజు అక్కడే ఉండి రాగి వాషర్ కొత్తది వేయించండి. పాతదాన్ని మంట మీద ఎర్రగా కాల్చి మళ్లీ వేస్తామంటారు, ఒప్పుకోకండి. వేసే ముందు ఆ గుంత అడుగున పట్టిన మసిని తగిన బ్రష్‌తో శుభ్రంగా తీయమనండి, మసి మీద కూర్చోబెట్టిన కొత్త వాషర్ కూడా నెల తిరగకుండానే కారుతుంది.